మంచాన పడని వంశం

మా అత్తింటివాళ్ళకు ఒక గొప్ప ఉంది. ఆ వంశంలో మంచాన పడి పోయినవాళ్ళు లేరు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో మావారు వీరరాఘవయ్యగారు పెనుగొలనులో పొలం గట్లు చూపించడానికంటే ముందు నాకు ఈ మాట చెప్పారు.

"మావాళ్ళు ఎవరిచేతా సేవలు చేయించుకోరు. పిలుపు వచ్చిన రోజు లేచి వెళ్ళిపోతారు. అంతే."

మా మామగారి సంగతి ఆయన ప్రతి ఏడాదీ చెబుతారు. నెమలి వేణుగోపాలస్వామి ఉత్సవంలో పల్లకీ భుజాన మోసి, దించి, మండపంలో స్తంభానికి చేరగిలబడి కూర్చున్నారట. ప్రసాదం తెచ్చిన మనిషి పిలిస్తే పలకలేదట. అప్పటికి ఆయనకు నలభై నిండి ఎంతో కాలం కాలేదు.

రెండోది మా మరిది రామకోటేశ్వరరావు సంగతి. అది నేను కళ్ళారా చూశాను. ఏకాదశి నాడు ట్రాక్టరుకు పత్తి బస్తాలు ఎత్తుతున్నాడు. "ఒక్క నిమిషం ఆగండ్రా" అని నేలమీద కూర్చున్నాడు. మళ్ళీ లేవలేదు. ముప్పై ఏళ్ళవాడు. అతని భార్య సరోజినీదేవి ఒళ్ళో అప్పుడు ఏడాది పిల్ల. వచ్చినవాళ్ళందరూ ఆమె చెయ్యి పట్టుకుని ఒకటే మాట అన్నారు. "ఏకాదశి మరణం తల్లీ. ఎన్ని జన్మల పుణ్యమో. ఏడవకూడదు." ఆమె ఏడవలేదు. ఎవరూ ఏడవనివ్వలేదు.

ఇక మా పుట్టింటి సంగతి. మాది గంపలగూడెం. మా నాన్న పక్షవాతం వచ్చి నాలుగేళ్ళు మంచంలో ఉండి పోయారు. ఆ మంచం పేరు చెప్పి మావారు నన్ను ఆటపట్టిస్తూనే ఉంటారు. "మీ నాన్న మంచం నవారు రెండుసార్లు మార్పించాడుగా" అంటారు. నేను నవ్వి ఊరుకునేదాన్ని. నిజం చెప్పాలంటే, వాళ్ళ వంశం గొప్ప నాకూ గొప్పగానే ఉండేది. రోజూ దీపం పెట్టి "నన్నూ వాళ్ళలాగే కష్టపెట్టకుండా తీసుకుపో స్వామీ" అని దణ్ణం పెట్టుకునేదాన్ని.

మా అబ్బాయి వంశీకృష్ణకు తిరువూరులో పురుగుమందుల కొట్టు ఉంది. అందరం అక్కడే ఉంటున్నాం. మావారు మాత్రం పొద్దున్నే బండి మీద పొలం వెళ్ళి ఎండెక్కాక వస్తారు. వంశీకి ఒక్కతే కూతురు, కీర్తన. ఆరో తరగతి. ఖోఖో ఆడుతుంది. ఆడుతుంది అంటే చాలదు. దాన్ని పట్టుకోవాలంటే అవతలి జట్టువాళ్ళు ఏడుపుమొహం పెట్టాల్సిందే. పోలు చుట్టూ తిరిగేటప్పుడు దాని జడ ఒక పక్కకి, అది ఒక పక్కకి వెళ్ళేది.

ఒకరోజు ఆటలో పడిపోయిందని కబురొచ్చింది. కాసేపటికే లేచి కూర్చుందట. ఎండ అనుకున్నాం. టిఫిన్ తినకుండా వెళ్ళిందని కోడలు కోప్పడింది. నేను ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీశాను. మిరపకాయలు ఘాటు రాలేదని, దిష్టి గట్టిగానే తగిలిందని నేనే తేల్చాను.

రెండోసారి పడిపోయినప్పుడు వాళ్ళ పీఈటీ మాస్టారు నవీన్ కుమార్ తనే బండి మీద పిల్లను తీసుకొచ్చి దించాడు. లోపలికి రమ్మంటే రాలేదు. గుమ్మంలోనే నిలబడ్డాడు.

"ఎండకి పడే పిల్ల నిలబడి నిలబడి పడుద్దండీ. ఈ పిల్ల పరుగు మధ్యలో పడింది. నా మాట విని గుండె డాక్టరుకు చూపించండి. చూపించిందాకా నేను గ్రౌండులో అడుగు పెట్టనివ్వను."

"మా ఇంట్లో గుండె జబ్బులేంటి మాస్టారూ?" అన్నారు మావారు.

"లేకపోతే మంచిదే కదండీ. లేవని రాయించుకుని రండి" అన్నాడతను.

కీర్తన నా వెనక నిలబడి మాస్టారిని కొరికేసేలా చూసింది. మండల స్థాయి పోటీలు దగ్గర్లో ఉన్నాయి మరి.

విజయవాడ తీసుకెళ్ళాం. డాక్టరమ్మ చిన్నవయసు మనిషి. పిల్లను మంచం మీద పడుకోబెట్టి, గుండె మీద చల్లటి జిగురు రాసి, తెరమీద చాలాసేపు చూసింది. ఆ తర్వాత మమ్మల్ని కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పింది. గుండె కండరం ఉండాల్సినదానికంటే మందంగా పెరిగిందట. పరిగెత్తినప్పుడు గుండె లయ తప్పుతోందట. ఈ రెండుసార్లూ దానంతట అది దారిలో పడింది. ప్రతిసారీ పడుతుందని చెప్పలేమంది.

"ఇది వంశంలో దిగివచ్చే జబ్బు. అందుకని ఒక ముఖ్యమైన సంగతి అడుగుతాను, ఆలోచించి చెప్పండి. మీ దగ్గరివాళ్ళలో ఎవరైనా గుండె జబ్బుతో పోయారా? అలాంటివాళ్ళు ఉంటే పిల్లకు ప్రమాదం ఎక్కువ. ఛాతీలో చిన్న యంత్రం పెట్టాలి. లయ తప్పగానే అది గుండెను మళ్ళీ నడిపిస్తుంది. లేకపోతే ప్రస్తుతానికి మాత్రలతో చూద్దాం."

మావారు కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. "లేరమ్మా. మా వంశంలో జబ్బుతో మంచాన పడ్డవాళ్ళే లేరు. అందరూ అనాయాసంగా వెళ్ళిన పుణ్యాత్ములు."

ఆయన అబద్ధం చెప్పలేదు. ఆ క్షణంలో పక్కన కూర్చున్న నాకూ ఆ మాట తప్పనిపించలేదు. ఆ మాట మా ఇంటి గోడల్లో కలిసిపోయిన మాట.

వెంటనే వంశీకి కూడా పరీక్ష చేశారు. వాడి గుండె గోడా మందంగానే ఉందన్నారు. వాడికి ఏ బాధా లేదు. వాడి తల్లి నుంచో తండ్రి నుంచో వచ్చి ఉంటుందని డాక్టరమ్మ అనగానే మావారు నావైపు చెయ్యి చూపించారు.

"వాళ్ళవైపు చూడండమ్మా. వాళ్ళ నాన్న నాలుగేళ్ళు మంచంలో ఉన్నాడు."

నన్ను పడుకోబెట్టి చూశారు. డాక్టరమ్మ నవ్వింది. "మీ గుండెకేం ఢోకా లేదమ్మా. ముప్పై ఏళ్ళ అమ్మాయి గుండెలా ఉంది." ఇక మీరు రండి పెద్దాయనా అని పిలిచేసరికి కుర్చీ ఖాళీగా ఉంది. టీ తాగడానికి వెళ్ళారన్నాడు వంశీ.

తిరుగు ప్రయాణంలో కీర్తన నా ఒళ్ళో తల పెట్టుకుని నిద్రపోయింది. ఆ తల నిమురుతూ కూర్చుంటే నాకు ఒకటే ఆలోచన. నావైపు నుంచి కాకపోతే మరి ఎటునుంచి? మామగారు పల్లకీ మోసి దించారు. మరిది బస్తాలు ఎత్తాడు. ఈ పిల్ల పరిగెత్తింది. ముగ్గురికీ నొప్పి లేదు, మూలుగు లేదు. ముగ్గురికీ ఒళ్ళు అలిసిన క్షణంలోనే జరిగింది. స్వామీ, నువ్వు పిలిచావా, వాళ్ళ గుండె ఆగిందా? రెండూ ఒకటేనా? ఒకటే అయితే పదకొండేళ్ళ పిల్లను ఎందుకు పిలుస్తావు? ఇలా అడగడం తప్పేమో నాకు తెలియదు. ఏడో తరగతితో ఆగిపోయినదాన్ని. అడగకుండా ఉండలేకపోయాను, అంతే.

మర్నాడు పొద్దున ఆయన బండి తుడుచుకుంటుంటే కాఫీ ఇస్తూ ఆ మాటే చెప్పాను. గుడ్డ చేతిలో అలాగే ఉండిపోయింది.

"అంటే ఏంటి? మా నాన్నది జబ్బు చావంటావు."

"నేననట్లేదండీ. అడుగుతున్నాను."

"స్వామి పాదాల దగ్గర పోయిన మనిషి. ఆ చావు కోసం ఊళ్ళో ఎంతమంది మొక్కుకున్నారో తెలుసా నీకు? దాన్ని తీసుకెళ్ళి ఆసుపత్రి మంచం మీద పెడతావా?"

"పెద్దల అమావాస్య వెళ్ళాక మళ్ళీ రమ్మంది డాక్టరమ్మ. మీరు చెప్పకపోతే నేను చెబుతాను."

"చెప్పు. మీ నాన్న మంచం ఖాళీగా ఉందిగా, మావాళ్ళందర్నీ దానిమీద పడుకోబెట్టు" అని బండి తీసుకుని వెళ్ళిపోయారు. కాఫీ గ్లాసు అరుగు మీదే ఉంది.

వంశీతో అన్నాను. వాడు ఆలోచించి, "డాక్టరుకి నువ్వైనా చెప్పొచ్చు, నేనైనా చెప్పొచ్చమ్మా. కానీ పిన్ని వాళ్ళ మాటో? బాబాయిది జబ్బు అని మనం అంటే ఆవిడ మన గడప తొక్కుతుందా? నాన్న చెబితేనే నమ్ముతుంది" అన్నాడు.

పిన్ని అంటే మా తోటికోడలు సరోజిని. ఒళ్ళో ఉన్న ఆ పిల్ల, వినీల, ఇప్పుడు నాలుగేళ్ళ కొడుకు తల్లి. ఆ పిల్లాడు అఖిల్ నెమ్మదిగా నడవడం నేనెప్పుడూ చూడలేదు. ఇల్లంతా పరుగే. వంశీ ఆ మాట అన్నప్పటినుంచీ ఆ పరుగే నా కళ్ళల్లో మెదిలింది.

పెద్దల అమావాస్య రానే వచ్చింది. ఏటా ఆ రోజు మరిది కుటుంబం కూడా మా ఇంటికే వస్తుంది. గోడమీద ఫోటోలు దించి, తుడిచి, బొట్టుపెట్టి, ముందు కొత్త పంచెలు మడిచి పెట్టాం. వంటింట్లో గారెలు, పరమాన్నం. పంతులుగారికి ఆ రోజు ఎన్నో ఇళ్ళు. ఆయన వచ్చేదాకా ఎవరూ ఏమీ తినకూడదు. ఆ ఎదురుచూపులోనే మావారు పిల్లల్ని ముందు కూర్చోబెట్టుకుని మామగారి కథ చెప్పడం మా ఇంటి ఆనవాయితీ.

ఆ రోజూ మొదలుపెట్టారు. నాతో సరిగ్గా మాట్లాడి చాలా రోజులైంది గానీ, కథలో మాత్రం గొంతు ఖంగుమంది. కీర్తన కుర్చీలో కూర్చుంది. అఖిల్ ఫోటోల చుట్టూ బొంగరంలా తిరుగుతున్నాడు.

"ఒరేయ్, కూర్చోరా! తాతయ్య పల్లకీ దాకా వచ్చాడు" అని కీర్తన వాణ్ణి గదమాయించింది.

"...స్తంభానికి ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు. అంతే. ఒక నొప్పి లేదు, ఒక మాట లేదు. చూశారా, అదీ మన వంశం" అని ముగించారు ఆయన.

"తాతయ్యా" అంది కీర్తన. "నేను కూడా మొన్న గ్రౌండులో అలాగే లేవకుండా ఉండిపోతే, నా ఫోటో ఇక్కడ పెట్టి ఇలాగే గొప్పగా చెప్పేవాడివా?"

కోడలు వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. "కీర్తనా! పెద్దల పూజ చేసుకుంటుంటే ఏం మాటలే అవి?"

"తిట్టకమ్మా, నిజంగానే అడుగుతున్నా. నాకూ నొప్పి లేదు. కళ్ళు చీకట్లు కమ్మినయ్, కాళ్ళు నావి కానట్టు అయినయ్. ముత్తాతకీ అలాగే అయ్యుంటుంది కదా? ఆయన్ని అడిగినవాళ్ళు లేరు. నన్నయితే మీరు అడగొచ్చు."

అఖిల్ ఒక్కడే గారె కావాలని గొణుగుతున్నాడు.

మావారు ఫోటోవైపు తిరిగారు. అందులో మామగారు నల్లటి జుట్టుతో, ఒత్తు మీసంతో ఉంటారు. ఆ ఫోటో పక్కనే వంశీ నిలబడి దండ సరిచేస్తున్నాడు. ఇద్దరూ అన్నదమ్ముల్లా ఉన్నారు. కొడుకు ఈడులో ఉన్న తండ్రికి, తలంతా నెరిసిన మనిషి పంచె పెడుతున్నాడు. అన్ని ఏళ్ళుగా ఆ ఫోటో తుడుస్తున్నదాన్ని, నాకు కూడా అది ఆ రోజే కనిపించింది. ఆయనకూ కనిపించిందనుకుంటాను. కండువాతో మొహం తుడుచుకున్నారు.

పంతులుగారు వచ్చారు. మూడు తరాల పేర్లు చెప్పమన్నారు. ఆయన చెప్పారు. తమ్ముడి పేరు దగ్గర ఆగారు. పంతులుగారు తలెత్తి చూశారు. మావారు సవరించుకుని ఆ పేరూ చెప్పారు. స్వయంపాకం ఇచ్చి, కాకికి ముద్ద పెట్టి వచ్చాక విస్తరి ముందు కూర్చోలేదు. సరోజిని ఎదురుగా వెళ్ళి నిలబడ్డారు. ఆమె కొంగు సర్దుకుని లేచింది.

"సరోజినమ్మా, కోటేశ్వరరావుది పుణ్యం చావని, ఏడవొద్దని అందరికంటే గట్టిగా చెప్పింది నేనే. పుణ్యం సంగతి స్వామికి తెలుసు. కానీ వాడి గుండెలో జబ్బు ఉందమ్మా. నాన్నకూ ఉంది. మా వంశీకి ఉందని పరీక్షలో తేలింది, ఈ పిల్లకూ తేలింది. నాకూ ఉండే ఉంటుంది. మీ వినీలకూ, ఈ బుడతడికీ చూపించాలి. నా మాట కాదనొద్దు."

సరోజిని ఆయన మొహంకేసి చూసింది.

"అయితే బావగారూ, నేనిప్పుడు ఏడవొచ్చా?"

ఆయన తల ఊపారు. ఆమె నా భుజం మీద వాలిపోయింది. అన్ని ఏళ్ళ ఏడుపు. వినీల వచ్చి తల్లి వీపు మీద చెయ్యి వేసింది. కొంచెం తేరుకున్నాక సరోజిని ముక్కు చీదుకుని, ఆ కన్నీళ్ళతోనే అంది:

"పుణ్యం మాకు సరిపోయినంత వచ్చింది బావగారూ. మా అక్కకు కూడా పంచకండి. ముందు మీరు వెళ్ళి ఆ పరీక్ష చేయించుకోండి."

అప్పుడు మావారు నావైపు చూశారు. నవ్వాలో ఏడవాలో తెలియని మొహం. ఆ మనిషితో ఇన్నేళ్ళు కాపురం చేశాను. గుడికి విరాళమిచ్చినప్పుడూ, ఊళ్ళో తగువు తీర్చినప్పుడూ పదిమందిలో ఆయన్ని చూసి గర్వపడ్డాను. కానీ తండ్రి ఫోటో ముందు, తమ్ముడి భార్య ముందు తన వంశం గొప్పను తన చేత్తో దించి పక్కన పెట్టిన ఆ క్షణాన పడినంత గర్వం ఎన్నడూ పడలేదు. పల్లకీ దించడం కంటే అది బరువు.

తుఫాన్ జీపు ఒకటి మాట్లాడుకుని అందరం విజయవాడ వెళ్ళాం. పెళ్ళికి వెళ్తున్నట్టే ఉంది. పులిహోర కూడా కట్టాను. ఆసుపత్రిలో పెత్తనం అంతా కీర్తనదే. అఖిల్ ఆ గది చూసి బిగుసుకుపోతే తలుపు దగ్గర వాడికి పాఠం చెప్పింది.

"సూది లేదురా. చల్లటి జిగురు రాస్తారు, చక్కిలిగింతలు పెడుతుంది. నవ్వావంటే మళ్ళీ మొదట్నుంచి. నేనయితే అస్సలు కదల్లేదు. నీవల్ల కాదులే."

"నావల్ల అవుద్ది!" అని వాడు మంచమెక్కి చొక్కా విప్పేశాడు. ఊపిరి కూడా సరిగ్గా పీల్చకుండా బొమ్మలా పడుకున్నాడు. డాక్టరమ్మే నవ్వి, "ఊపిరి పీల్చు నాన్నా" అంది.

వినీలకు ఉంది. అఖిల్‌కు ఇప్పుడే మొదలవుతోంది. పైకి ఏమీ తెలియదు, ఇలా వచ్చారు కాబట్టి కనిపెట్టగలిగాను అంది డాక్టరమ్మ. ఇప్పటినుంచే కనిపెట్టుకుని ఉంటే, ఏటా చూపిస్తే, వాడు చదువుకుని పెద్దవాడై తన పని తాను చేసుకుంటాడంది. వినీల కొడుకును గట్టిగా పట్టుకుంది గానీ భయపడలేదు. "తెలిసింది కదా పెద్దమ్మా, చాలు" అంది నాతో.

చివర మావారు పడుకున్నారు. తెరమీద ఆయన గుండె కొట్టుకుంటుంటే నేను చూశాను. మందంగానే ఉంది. ఈ వయసు దాకా తెలియకుండానే మోసుకొచ్చారన్నారు. ఆయన లేచి చొక్కా తొడుక్కుని, డాక్టరమ్మ ఎదురుగా చేతులు కట్టుకుని కూర్చున్నారు.

"అమ్మా, ఆ రోజు నేను చెప్పింది సరికాదు. మా నాన్న, మా తమ్ముడు ఎలా పోయారో చెబుతాను, రాసుకోండి."

పల్లకీ దగ్గర్నుంచి మొదలుపెట్టారు. ఏటా చెప్పే కథే, ఒక్క మాట మార్చలేదు. "అదీ మన వంశం" అనే మాట దగ్గరికి వచ్చి ఆగిపోయారు. డాక్టరమ్మ ఎప్పుడో రాయడం మానేసి వింటోంది.

"మీరు ఈ సంగతి చెప్పడం చాలా మంచిదైందండీ" అంది. "ఇక నాకు సందేహం లేదు. పిల్లకు యంత్రం పెట్టేద్దాం."

పెట్టారు. కీర్తన ఎడమ భుజం కింద చిన్న ఉబ్బు కనిపిస్తుంది. మొదట్లో దుపట్టాతో కప్పుకునేది. ఇప్పుడు స్నేహితురాళ్ళు అడిగితే ముట్టుకోనిస్తుంది. ఖోఖో ఆడటం లేదని కొన్నాళ్ళు అన్నం దగ్గర అలిగింది. ఆ దిగులు పూర్తిగా పోయిందని చెప్పను. నవీన్ కుమార్ మాస్టారు ఒకరోజు పిలిచి దాని మెడలో ఈల వేశాడు. ఇప్పుడు బడిలో ఖోఖో జరిగితే అంపైరు మా కీర్తనే. తనకంటే పెద్ద పిల్లల్ని కూడా "నువ్వు అవుట్! వాదించకు" అని బయటికి పంపుతుందట. మాస్టారు మా గుమ్మం దాకా వచ్చి, "మీ అమ్మాయి ఈల ఊదితే నేను కూడా ఆగిపోతున్నానండీ" అన్నాడు. ఈసారి లోపలికి వచ్చి కాఫీ తాగాడు.

మావారి గొప్పలు మాత్రం తగ్గలేదు. కొట్టు ముందు కూర్చుని మందుల కోసం వచ్చిన రైతులను పట్టుకుంటారు. "మా మనవరాలు ఒక్కతి పడిపోయింది, మా వంశంలో ఇంతమంది నిలబడ్డారు. మీ ఇళ్ళల్లో కుర్రవాళ్ళు ఎవరైనా ఉన్నట్టుండి పోయారా? పుణ్యమని ఊరుకోకండి. పిల్లల గుండె చూపించుకోండి" అని చెబుతారు. వంశీ తల కొట్టుకుంటాడు. "నాన్నా, ఆయన తెల్లదోమ మందు కోసం వచ్చాడు" అంటాడు. అయినా ఆపరు. రెండు కుటుంబాల వాళ్ళు నిజంగానే వెళ్ళి చూపించుకుని వచ్చి చెప్పారు.

మొన్న అందరం నెమలి వెళ్ళాం. ఆటో దిగి కీర్తన, అఖిల్ చేతులు పట్టుకుని నెమ్మదిగా నడుస్తున్నారు. వాడికి నడక నేర్పింది అదే. మామగారు ఆనుకుని కూర్చున్నారని చెప్పే స్తంభం దగ్గర మావారు కాసేపు నిలబడి, దాన్ని చేత్తో తడిమి వచ్చారు.

స్వామి ముందు నిలబడితే నా నోటికి అలవాటైన మొక్కు వచ్చింది. కష్టపెట్టకుండా తీసుకుపో అనబోయి ఆగాను. నాకు మా నాన్న గుర్తొచ్చారు. ఆ నాలుగేళ్ళూ మేము వెళ్ళి పక్కన కూర్చున్నప్పుడల్లా, వంకరపోయిన నోటితోనే మా వంశీకి ఆయన కథలు చెప్పారు. వాడు ఆయన మంచం మీదే దొర్లి పెరిగాడు. ఆ మంచం అంత చెడ్డది ఏమీ కాదు.

"స్వామీ, ఈ పిల్లల జుట్టు నెరవనీ. నడుములు వంగనీ. మంచాన పడి, మనవళ్ళ చేత మంచినీళ్ళు తెప్పించుకుని, కసురుకునేంత కాలం బతకనీ" అని పైకే అనేశాను.

పక్కనే కళ్ళు మూసుకున్న మావారు ఒక కన్ను తెరిచారు. "ఏం మొక్కే అది? మంచాన పడాలని ఎవరన్నా మొక్కుతారా?"

"మా పుట్టింటివాళ్ళం మొక్కుతాం" అన్నాను.

ఆయన మళ్ళీ కళ్ళు మూసుకున్నారు. కాసేపటికి, స్వామికి మాత్రమే చెబుతున్నట్టు గొంతు తగ్గించి, "నాక్కూడా అదే" అన్నారు.